పేరు అడిగిన గుమ్మం

బ్రెజాన్,
మార్చి 14, 1997

జమీరక్కా,

ల్యాంబి వ్యాను సరిహద్దు దాటితే ఈ ఉత్తరం యానినాలో నీ చేతికొస్తుంది. దాటకపోతే వాడి సీటు కిందే పడి ఉంటుంది. ఇక్కడ ఏది ఎప్పుడు దాటుతుందో ఎవరూ చెప్పలేకుండా ఉన్నారు.

పోయిన వారం పటాలం ఆయుధాల కొట్టు తెరిచేశారు. సైనికులే తాళంచెవులు జనం చేతిలో పెట్టి, చొక్కాలు విప్పేసి ఇళ్ళకు పోయారు. ఊళ్ళవాళ్ళు దాచుకున్న డబ్బంతా మింగి కూర్చున్న ప్రభుత్వానికి ఇంకెవడు కాపలా కాస్తాడు? నేనూ పక్కింటి బర్ద్యుల్‌ వెళ్ళి చెరో కలాష్నికోవ్‌ తెచ్చుకున్నాం. రెండు పెట్టెల తూటాలు కూడా. నవ్వకు. ఇవాళ తుపాకీ లేని ఇల్లంటే తలుపు లేని ఇల్లే.

అంతకంటే విలువైనది ఇంకొకటి దొరికింది. పాత సహకార సంఘం గదిలో గోనెసంచుల నిండా కరపుస్తకాలు. 'రాత్రి కాపలా', 'ప్రతి ఇల్లూ ఒక కోట', అలాంటివి తొమ్మిది. పాత ప్రభుత్వమంటే నాకు ఎంత మంటో నీకు తెలుసు. అయినా వాటిని రాసినవాళ్ళకు పని తెలుసు. మూడు రాత్రుల్లో తొమ్మిదీ చదివేశాను. తెల్లారేసరికి మన వీధికి ఒక పద్ధతి పెట్టాను. గోడల వెంట తీగ కట్టి ఖాళీ డబ్బాలు వేలాడదీశాం. ఇంటికొక మనిషి వంతులవారీగా మేలుకోవాలి. మూడుసార్లు గాలిలోకి కాలిస్తే అపాయం అని అర్థం. పాత ప్రభుత్వం యుద్ధం వస్తుందని మన తోటలో కట్టించిన సిమెంటు గుమ్మటంలో నేను కూర్చుంటాను. నాన్న అందులో బంగాళాదుంపలు పోసేవాడు, వాటిని తీయించేశాను. అమ్మ ఇంకా సణుగుతూనే ఉంది.

నిజం దాచను, మొదటి రాత్రి డబ్బాలు మోగితే మూడుసార్లు కాల్చాను. వీధంతా గంటసేపు కాల్చింది. తీరా చూస్తే తీగలో చిక్కుకున్నది తాబేలు. మూడో రాత్రి ఎదురింటి సెఫెర్‌ బాబాయి గాడిద. ఆయన పొద్దున్నే వచ్చి, "కమాండరు గారూ, నా గాడిదకి గుర్తింపు కార్డు రాసిస్తారా?" అన్నాడు. ముసలాళ్ళకు ప్రతిదీ వేళాకోళమే. ఉత్తరాదివాళ్ళను రాజధాని నుంచి మన మీదికి పంపుతున్నారని పట్నంలో గట్టిగా చెప్పుకుంటున్నారు. రహస్య పోలీసులందరూ వాళ్ళేగా. వాళ్ళొచ్చిన రోజు ఈయన గాడిదే కాపాడుతుంది కాబోలు.

నువ్వు వాళ్ళలో ఒకణ్ణి చేసుకున్నావని నేను ఈ మాటలు మింగను. నీ భర్త మంచివాడే కావచ్చు, నేను చూడలేదు. అమ్మ కూడా చూడలేదు. మూడేళ్ళుగా అతని పేరు ఎత్తలేదు. మొన్న మాత్రం రొట్టె పిసుకుతూ, "ఆ ప్రెంగ్‌ పొడుగా, పొట్టా?" అని అడిగింది. నాకెలా తెలుస్తుంది?

అసలు సంగతికి వస్తాను. పట్నంలో మందుల దుకాణాలన్నీ ఖాళీ. అమ్మ గుండె మాత్రలు ఇరవై నాలుగు మిగిలాయి. రోజుకొకటి. ఒక్కరోజు కూడా మానకూడదని డాక్టరు చెప్పాడుగా. ఏప్రిల్‌ ఆరుతో అయిపోతాయి. ఎలాగైనా పంపు.

నీ తమ్ముడు
ఇల్బెర్‌

*

యానినా,
మార్చి 20

ఒరేయ్‌ ఇల్బెర్‌,

కోడిని కోస్తుంటే కళ్ళు తిరిగి నా ఒళ్ళో పడ్డవాడివి నువ్వే కదూ? ఆ చేతికి తుపాకీ ఎవడిచ్చాడ్రా! గాలిలోకి కాల్చిన తూటా గాలిలోనే ఉండిపోదు, ఎవరి నెత్తినో దిగుతుంది. అది నీ తొమ్మిది పుస్తకాల్లో ఎక్కడా లేదా?

మాత్రలు కొన్నాను. మూడు నెలలకు సరిపడా మూడు పెట్టెలు. నేను పనిచేసే ఇంటి ముసలమ్మగారు తన డాక్టరుతో చీటీ రాయించింది. సరిహద్దు దగ్గర వ్యాన్లను ఆపేశారు, నడిచి దాటేవాళ్ళు ఉత్తరమైతే తీసుకుంటున్నారు గానీ మందులు పట్టుకోమంటున్నారు. మన ల్యాంబి ఈ నెల దాటితే గొప్పే. ఎవరో ఒకరి చేత పంపుతాను. ఆరో తేదీలోపు అమ్మ చేతిలో ఉంటాయి. నా మాట.

ప్రెంగ్‌ గురించి ఇంకోసారి ఆ కూతలు కూయకు. రోజంతా పరాయివాళ్ళ ఇళ్ళకు రాళ్ళు పరిచి, చీకటిపడ్డాక ఇంటికొచ్చి, "మీ అమ్మకు ఎలా ఉంది?" అని మొదట అడిగే మనిషి. వాళ్ళ నాన్నను శిక్షగా పదకొండేళ్ళు గనుల్లో వేసింది నీ కరపుస్తకాలు అచ్చువేసినవాళ్ళే. ఉత్తరాదివాళ్ళంతా పోలీసులట! ఎవరు చెప్పారు నీకు?

పొడుగు అని చెప్పు అమ్మకు. గుమ్మం దగ్గర తల వంచాల్సినంత పొడుగు.

రాత్రిపూట అమ్మను నిద్రపోనివ్వు. ఆ గుండెకు నీ డబ్బాల మోత కంటే దొంగలే నయం.

నీ అక్క
జమీరా

*

బ్రెజాన్,
మార్చి 29

జమీరక్కా,

మాత్రలు ఇంకా రాలేదు. అమ్మకు తొమ్మిదే మిగిలాయి. తొందరగా చూడు.

ఇక్కడ మాత్రం ఒక విజయం. నా డబ్బాలను వెక్కిరించినవాళ్ళంతా ఇప్పుడు నోరు మూసుకున్నారు. గురువారం రాత్రి నిజంగానే వచ్చారు. తాబేలు కాదు, గాడిద కాదు, మనిషి.

వాన సన్నగా పడుతోంది. కరెంటు లేదు. నేను గుమ్మటంలోంచి లేచి వాకిట్లోకి వచ్చాను. అప్పుడే పెద్ద తలుపు అవతల ఒక గొంతు.

"ఓ ఇంటి పెద్దా!"

నేను పలకలేదు. మేం ముందే తీర్మానించుకున్నాం. చీకటిపడ్డాక ఆ పిలుపుకు ఏ ఇల్లూ పలకకూడదు. అతిథిలా పిలిచి మగవాణ్ణి తలుపు దగ్గరికి రప్పించి కాల్చేస్తున్నారని పట్నంలో చెప్పుకుంటున్నారు. రెండోసారి పిలిచాడు. ఈసారి యాస తెలిసింది. ముక్కుతో పలికే ఉత్తరాది యాస! గోడకు ఆనుకుని, నాలుగో పుస్తకంలో ఉన్నట్టే గట్టిగా అడిగాను.

"ఎవరు? పేరు చెప్పు!"

లోపల అమ్మ లేచి కూర్చుంది.

"పేరు అడుగుతావేంట్రా? మన గుమ్మంలో ఎవరైనా ఎప్పుడైనా పేరు అడిగారా? రమ్మను. లోపలికొచ్చి, తిని, ఆపైన ఆయనే చెబుతాడు."

"నువ్వు మాట్లాడకు అమ్మా. పేరు చెప్తావా, కాల్చమంటావా?"

అప్పుడు అవతలివాడు ఏమన్నాడో తెలుసా? చాలా నెమ్మదిగా, "ఈ ఇంటికి పెద్ద లేడా?" అన్నాడు.

అంటే మగదిక్కు ఉందో లేదో ఆరా తీస్తున్నాడన్నమాట! ఇంకేం ఆగుతాను? మూడుసార్లు గాలిలోకి కాల్చాను. బర్ద్యుల్‌ వాళ్ళు అందుకున్నారు. అటుపైన ఊరంతా. నదివైపు ఎవరో పరుగెత్తిన చప్పుడు వినిపించింది. వాడు మళ్ళీ రాలేదు.

తెల్లారి చూస్తే తలుపు కొక్కేనికి ఒక సంచి వేలాడుతోంది. మందపాటి గుడ్డ, తాడుతో గట్టిగా బిగించి ఉంది. ఏడో పుస్తకం స్పష్టంగా చెబుతుంది. గుమ్మంలో కనిపించిన గుర్తు తెలియని వస్తువును విప్పరాదు, చేత్తో తాకరాదు, జనానికి దూరంగా నీటిలో పారవేయాలి. బర్ద్యుల్‌ భయపడ్డాడు. నేనే గడ్డి ఎత్తే పంగలకర్రతో సంచి లేపి, చేయి చాపినంత దూరంలో పెట్టుకుని వంతెన దాకా నడిచాను. ఊరంతా వెనకాల. మధ్య కమాను దగ్గర వ్యోసా నదిలోకి వదిలేశాను. మంచు కరిగి నీళ్ళు జోరుగా ఉన్నాయి, క్షణంలో మింగేసింది.

అమ్మ మాత్రం గుమ్మంలోనే కూర్చుంది. "అందులో రొట్టె ఉండి ఉంటే?" అంది.

"రొట్టె తెచ్చినవాడు పేరు చెప్పి ఇస్తాడు."

సెఫెర్‌ బాబాయి ఈసారి జోకు వేయలేదు. టోపీ సర్దుకుని ఇంట్లోకి పోయాడు. సాయంత్రం, ఇప్పుడు పట్నంలో పెత్తనం చూస్తున్న కమిటీ మనిషి వచ్చి నా భుజం తట్టాడు. మన వీధి పద్ధతిని అన్ని ఊళ్ళలోనూ పెడతారట. పందొమ్మిదేళ్ళవాడు చేసిన పని అని చెప్పి మరీ పెడతారట!

నాన్న ఉంటే సంతోషించేవాడు.

ఇల్బెర్‌

ఇది ల్యాంబికే ఇస్తున్నాను. ఎప్పుడు దాటినా నేరుగా నీ దగ్గరికే తెస్తానన్నాడు.

*

యానినా,
ఏప్రిల్‌ 1

ఒరేయ్‌ మొద్దునిద్ర కమాండరూ,

ఇదేనా నీ కాపలా? గుమ్మంలోకి మనిషి వచ్చి వెళ్ళినా లేవలేదట!

నీకు ముందే రాయలేదు. రాస్తే నువ్వేం వాగుతావోనని భయపడ్డాను. మాత్రలు ప్రెంగ్‌ తెచ్చాడు. ఎవరూ వెళ్ళేవాళ్ళు దొరకలేదు. నేను ఏడుస్తుంటే చూసి, "నీ అమ్మ నా అమ్మ కాదా?" అని సంచి భుజాన వేసుకుని కొండదారి పట్టాడు. రెండు పగళ్ళు దాక్కుని, రాత్రిళ్ళు నడిచాడు. నిన్న తిరిగొచ్చాడు.

"చూశావా అమ్మను? ఏమంది?" అని అడిగాను.

"అర్ధరాత్రి అయింది. అందరూ నిద్రపోతున్నారు. జబ్బు మనిషిని లేపడమెందుకని సంచి తలుపుకు తగిలించి వచ్చేశాను," అన్నాడు.

"రెండు రోజులు నడిచి వెళ్ళి గుమ్మంలోంచే వచ్చేశావా!" అన్నాను. నవ్వాడు. అతని అరచేతుల చర్మం లేచిపోయింది, కోటు మోచేయి దగ్గర చిరిగింది. రాళ్ళ మీద జారానన్నాడు. ఎందుకో నా కళ్ళలోకి చూడలేదు. అలసట అయి ఉంటుంది.

సంచిలో మూడు పెట్టెల మాత్రలు, కాఫీ పొడి, నేను అల్లిన శాలువా. శాలువా మడతలో మా ఇద్దరి ఫొటో ఉంది, చూశారా? అమ్మకు పొడుగో పొట్టో తెలిసిపోయి ఉంటుంది ఈపాటికి. ఏమందో ఒక్క అక్షరం వదలకుండా రాయి. తిట్టినా సరే, రాయి.

ఇది మీ పక్క ఊరామె చేతికిస్తున్నాను, రేపే బయల్దేరుతోంది.

జమీరా

*

బ్రెజాన్,
ఏప్రిల్‌ 5

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం అందింది. సంచి అందింది. మాత్రలు అమ్మ వేసుకుంటోంది. ఆరోగ్యం బాగానే ఉంది. శాలువా నచ్చింది. ఫొటో చూసి ఏమీ అనలేదు గానీ చాలాసేపు చూసింది. బావగారికి నా కృతజ్ఞతలు తెలియజేయి.

ఊరు ప్రశాంతంగా ఉంది.

ఇంకొక సంగతి. గత నెలాఖరులో ఒక ఉత్తరం రాసి ల్యాంబికి ఇచ్చాను. అది తప్పుల తడక. కాపలా నిద్రమత్తులో ఏవేవో రాశాను. వాడు తెచ్చిస్తే చదవకుండా పొయ్యిలో వేయి. నా మీద ఒట్టు.

గొర్రెల కాపరి ఒకతను ఈ సాయంత్రమే కొండ దాటుతున్నాడు, అతని చేత పంపుతున్నాను.

నీ తమ్ముడు
ఇల్బెర్‌

*

యానినా,
ఏప్రిల్‌ 11

ఇల్బెర్‌,

నీ అబద్ధం ఏడో తేదీన అందింది. నీ నిజం ఇవాళ పొద్దున అందింది.

నీ ఉత్తరంలో ఒక్క తిట్టు లేదు, ఒక్క కరపుస్తకం లేదు. 'బావగారికి' అని రాశావు. అప్పుడే అనుమానం రావలసింది. నేను మురిసిపోయాను. 'చాలాసేపు చూసింది' అన్న ముక్కను ఆయనకు చదివి వినిపించాను, తెలుసా? వినగానే లేచి బయటకు వెళ్ళి సిగరెట్‌ కాల్చుకుని వచ్చాడు. ఏడ్చి ఉంటాడని నాకు తెలుసు.

ల్యాంబి కవరు ఇచ్చి అప్పుడే వెనక్కి బయల్దేరిపోయాడు. నీ ఒట్టు గుర్తుంది. అయినా చదివాను. ఒట్టు పెట్టే మొహమా నీది?

ఆయన ఎందుకు పేరు చెప్పలేదని నువ్వు అడగబోతావు. నేనూ అడిగేదాన్నే. నాకూ కోపం వచ్చింది. ఒక్క ముక్క, 'ప్రెంగ్‌', అంటే సరిపోయేది కదా. కానీ వాళ్ళ కొండల్లో పుట్టిన మనిషికి, గుమ్మంలో పేరు అడగడమంటే నువ్వెవరో తెలిస్తేనే రొట్టె పెడతామనడం. దారినపోయే శత్రువును కూడా అలా అడగరు. అలాంటిది అత్తవారింట మొదటిసారి పిలిస్తే, బావమరిది తుపాకీ పెట్టి అడిగాడు. అయినా తిట్టలేదు. పెద్ద లేడా అని అడిగాడు. పలకాల్సిన మనిషి లేడా అని. నువ్వు దానికి మగదిక్కు లేదా అని అర్థం తీశావు.

అంత జరిగినా సంచి తగిలించాడు. నాకు మాత్రం నిద్రపోతున్నారని చెప్పాడు. నీ పరువు నా దగ్గర కాపాడాడు. నువ్వు ఆయన తెచ్చినదాన్ని పంగలకర్రతో ఎత్తి నదిలో వేశావు.

ఇప్పుడు విను. మళ్ళీ మూడు పెట్టెలు కొన్నాను. ఆయన రేపు తెల్లవారుజామున బయల్దేరుతున్నాడు. నేను అడగలేదు. 'వచ్చే నెలలకు కొన్ని ఎక్కువ పంపుదాం' అన్నాను, అంతే. ఇంకేమీ ఆలోచించకుండా చెప్పులు వెతుక్కున్నాడు. ఈ ఉత్తరం ఆయన జేబులోనే వస్తుంది. అంటించి ఇస్తున్నాను. అంటించకపోయినా చదవడు.

సంచి సంగతి ఆయనకు చెప్పలేదు. చెప్పడానికి నాకు నోరు రాలేదు. అది నీ పని. అమ్మకూ నువ్వే చెప్పాలి. నాకు ఒక్కటి రాయి, నిజం రాయి. ఎన్ని మాత్రలు మిగిలాయి?

జమీరా

*

బ్రెజాన్,
ఏప్రిల్‌ 17

ప్రెంగ్‌ బావగారికి,

మడిచి మీ చేతిలో పెట్టేటప్పుడు ఇది జమీరా కోసమనుకుని ఉంటారు. మీరు ఇతరుల ఉత్తరాలు చదవరు. అందుకే పైన మీ పేరు రాశాను. ఇది మీకే. వ్యాను సరిహద్దుకు ముందు టీ కొట్టు దగ్గర ఆగుతుంది. అక్కడ చదవండి.

నోటితో చెప్పడానికి నాకు మూడు రోజులు దొరికాయి. చెప్పలేకపోయాను.

మీరు పద్నాలుగో తేదీ మధ్యాహ్నం వచ్చారు. అమ్మ పదమూడో తేదీ తెల్లవారుజామున పోయింది. చావు జరిగిన ఇల్లు కదా, పెద్ద తలుపు తీసే ఉంది, వాకిలినిండా మనుషులు. మీరు పిలవాల్సిన అవసరం రాలేదు. తల వంచి లోపలికొచ్చారు. గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళ చెయ్యి అందుకుంటున్నది నేను. మీరెవరో మీ పొడుగు చూసే తెలిసింది. మీరు నా చెయ్యి పట్టుకుని, "నీ తల చల్లగా ఉండాలి," అని పరామర్శించారు. అదే యాస.

మాత్రల పెట్టెలు కోటు లోపలి నుంచి తీయబోయి, చుట్టూ చూసి, అర్థమై, మళ్ళీ లోపల పెట్టుకున్నారు. నేను చూశాను.

ఆ సాయంత్రం ముసలివాళ్ళతో కలిసి కూర్చున్నప్పుడు సెఫెర్‌ బాబాయి మిమ్మల్ని అడిగాడు.

"అల్లుడా, ఇంత దూరం నడిచొచ్చి చివరి చూపు కూడా దక్కకపోయెనే."

"పోయిన నెల తెచ్చిన మాత్రలు కొన్నాళ్ళు నిలబెట్టాయి కదా బాబాయీ. అదే చాలు నాకు. లేకపోతే ఏప్రిల్‌ మొదట్లోనే..."

సెఫెర్‌ బాబాయి నావైపు చూశాడు. వంతెన మీద నా వెనకాల నడిచిన వాళ్ళందరూ ఆ గదిలో ఉన్నారు. ఎవరికి వాళ్ళు కాఫీ గిన్నెల్లోకి చూసుకున్నారు. బర్ద్యుల్‌ లేచి బయటకు వెళ్ళిపోయాడు. మీరు నన్ను అడిగారు, "పనిచేశాయా తమ్ముడూ?" అని. "పనిచేశాయి," అన్నాను.

అది అబద్ధం. ఆ మాత్రల్లో ఒక్కటి కూడా అమ్మ నోట్లో పడలేదు. మీరు కొక్కేనికి తగిలించిన సంచిని నేను విప్పలేదు. శత్రువు పెట్టినదనుకుని కర్రతో మోసుకెళ్ళి నదిలో వేశాను. మాత్రలు, శాలువా, కాఫీ, మీ ఫొటో, అన్నీ. ఆ రోజు ఊరు నన్ను మెచ్చుకుంది. నేను ఆ సంగతి జమీరాకు గొప్పగా రాశాను కూడా.

అమ్మ ఆ రోజులన్నీ మాత్రల వల్ల బతకలేదు బావా. ఉన్నవాటినే కత్తితో సగాలు చేసుకుని వేసుకుంది. మార్చి చివరి నుంచే నాకు చెప్పకుండా సగాలు చేస్తోందని ఆమె పోయాక తెలిసింది, దిండు కింద పొడి అంటిన కత్తి దొరికింది. నేను రెండు పట్నాలు తిరిగాను. ఒకచోట దగ్గు మందు ఇచ్చి పంపారు.

జమీరా చెప్పమనకముందే అమ్మకు నేనే చెప్పాను. అది ఒక్కటే నేను సరిగ్గా చేసింది. పన్నెండో తేదీ సాయంత్రం ఊపిరి అందక గోడకు ఆనుకుని కూర్చుంది. "ఆ సంచిలో ఏముందిరా?" అని మళ్ళీ అడిగింది. ఆమెకు ఎప్పుడూ అనుమానమే. చెప్పేశాను. వచ్చింది ఎవరో కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"ఏమని పిలిచాడు?" అంది.

"ఓ ఇంటి పెద్దా, అని."

"మీ నాన్న పోయాక ఈ గుమ్మంలో ఎవరూ అలా పిలవలేదు. ఆడమనిషి ఇల్లని నా పేరు పెట్టే పిలిచారు అందరూ. నిన్ను పిలిచాడ్రా అతను. నిన్ను పెద్దను చేసి పిలిచాడు. ఒక్క మాట పలకలేకపోయావా?"

మళ్ళీ, "పొడుగేనా?" అంది. పొడుగేనన్నాను. "నీకెలా తెలుసు, చూశావా?" అంది. చూడలేదన్నాను.

నన్ను అన్నిటికంటే కాల్చేది ఆ రాత్రి కాదు. ఆ రాత్రి నాకు తెలియదు. భయపడ్డాను, పుస్తకాన్ని నమ్మాను. ఐదో తేదీన మాత్రం అంతా తెలిసే కూర్చుని రాశాను, మాత్రలు అందాయని. కాపరి ఆ ఉత్తరం ఏడో తేదీకే అక్కకు చేర్చాడు. అందులో నిజం ఉంటే మీరు ఎనిమిదిన బయల్దేరేవారు. పదో తేదీ రాత్రికి ఇక్కడ ఉండేవారు. అమ్మకు అప్పటికి మూడు రోజులు మిగిలి ఉన్నాయి. నేను అక్క దగ్గర పరువు పోతుందని ఆ మూడు రోజులూ ఇచ్చేశాను.

మీరు కూడా ఆ రాత్రి పేరు చెప్పి ఉండాల్సిందని నాకు ఒక్కోసారి కోపం వస్తుంది. మూడు రాత్రులు మీ పక్కనే పడుకుని, మీ గురక వింటూ, ఆ కోపంతో పళ్ళు కొరుక్కున్నాను. దాచడం ఎందుకు, అది కూడా రాస్తున్నాను. ఆ కోపానికి నాకు హక్కు లేదని తెలుసు.

ఈ ఉదయం మీరు సామాను సర్దుకుంటూ నా భుజం మీద చెయ్యి వేసి, "ఇక్కడ ఒక్కడివే ఏం చేస్తావు, మా దగ్గరికి వచ్చెయ్‌," అన్నారు. ఇది చదవకముందు అన్న మాట అది. దాన్ని నేను పట్టుకోను. చదివాక మళ్ళీ అనాలనిపిస్తే అప్పుడు చూద్దాం. వెనక్కి వచ్చి నా చెంప పగలగొట్టాలనిపిస్తే ల్యాంబితో చెప్పండి, వ్యాను తిప్పుతాడు, వాడికి అంతా తెలుసు.

రెండింటిలో ఏదైనా సరే. నేను ఇంట్లోనే ఉంటాను.

ఇల్బెర్‌